తండ్రి బాధ్యత సంపాదనతో తీరిపోతుందా?

మన ఇళ్లలో ఒక పెద్ద మార్పు వచ్చింది. దాన్ని చూసి కొందరు సంతోషిస్తున్నారు. కొందరు ఆందోళన పడుతున్నారు. ఎక్కువమంది చూసీ చూడనట్లు ఊరుకుంటున్నారు. ఒక తరం క్రితం మన వాడల్లో ఆడపిల్ల పదో తరగతి పాసైతే అదే గొప్ప చదువు. నేడు అదే ఇంటి అమ్మాయి బి.ఇడి. పూర్తిచేసి డీఎస్సీ రాస్తోంది. ఆసుపత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీ చేస్తోంది. బ్యాంకు కౌంటరులో కూర్చుంటోంది. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీకి బస్సెక్కి వెళుతోంది. సంబంధం మాట్లాడటానికి వచ్చిన అబ్బాయి తరఫువారు అమ్మాయికి వంట వచ్చా అని అడిగిన నోటితోనే ఉద్యోగం ఉందా అని కూడా అడుగుతున్నారు.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పని నుండి ఇంటికి చేరతారు. అతడు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి మంచం మీద నడుం వాలుస్తాడు. ఆమె బురఖా తీసి నేరుగా వంటింట్లోకి నడుస్తుంది. పొద్దున వదిలి వెళ్లిన అంట్లు, రాత్రికి అన్నం, పిల్లవాడి లెక్కల పుస్తకం, అత్తగారి మందులు అన్నీ ఆమె కోసమే ఎదురుచూస్తూ ఉంటాయి. ఇంటి బయట ఆమె పాత్ర మారిపోయింది. ఇంటి లోపల అతని పాత్ర మాత్రం మారలేదు. దీనివల్ల నష్టపోతున్నది ఆమె ఒక్కతే కాదు. తండ్రి ఉండి కూడా తండ్రి సాంగత్యం దొరకని పిల్లలు నష్టపోతున్నారు. పిల్లల మనసులో చోటు పోగొట్టుకుంటున్న ఆ తండ్రి కూడా నష్టపోతున్నాడు.

ఈ మాట ఎత్తగానే కొందరు సోదరులు ఇది పాశ్చాత్యుల దగ్గర నుండి వచ్చిన గోల అంటారు. ఆ మాటతో మేము ఏకీభవించలేము. మా ప్రశ్న చాలా సాదా ప్రశ్న. ఇస్లాం తండ్రి మీద మోపిన జిమ్మేదారీ ఎంత? అందులో మనం ఎంత నెరవేరుస్తున్నాము?

ఆడవాళ్ల పని కొత్తదా?

ముస్లిం స్త్రీ పనిచేయడం ఇప్పుడే మొదలైందని అనుకోవడం పొరపాటు. నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాల్లో మన అమ్మలు, అక్కలు బీడీల చాట ఒడిలో పెట్టుకుని ఎన్ని సంసారాలు నడపలేదు? హైదరాబాదు పాతబస్తీలో లాడ్ బజారు గాజులకు రాళ్లు అద్దిన చేతులు, కార్చోబ్ చట్రం ముందు వంగి జరీ కుట్టిన చేతులు ఎవరివి? ఆంధ్ర ప్రాంతంలో దూది ఏకి పరుపులు కుట్టే నూర్‌బాషా కుటుంబాల్లో ఆడవాళ్లు చేయి వేయకుండా పని ముగిసిందా? పల్లెల్లో పొలం కూలికి వెళ్లిన మన స్త్రీలకు లెక్కేలేదు.

అప్పుడూ ఆమె సంపాదించింది. కాని ఇంట్లో కూర్చుని చేసిన పనికి పేరు లేదు. వచ్చిన నాలుగు డబ్బులు పప్పు, ఉప్పులో కలిసిపోయేవి. ఇప్పుడు ఆమె పేరు మీద నెలనెలా జీతం బ్యాంకులో పడుతోంది. పని పాతదే, అది కంటికి కనిపించడం మాత్రం కొత్త.

చదువు కూడా ఈ మార్పుకు తోడైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. తెలంగాణలో మైనారిటీ గురుకుల పాఠశాలలు 2016లో 71తో మొదలై తరువాత 204 అయ్యాయి. వీటి తలుపులు తట్టినవారిలో మన ఆడపిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నారు. దేశం మొత్తం మీద 15 ఏళ్లు దాటిన స్త్రీలలో పనిచేస్తున్న, పని వెతుకుతున్న వారు 2017-18లో 23.3 శాతం ఉండగా 2023-24 నాటికి 41.7 శాతానికి చేరారని కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే తెలిపింది.

మరోవైపు మగవాళ్ల పాత వృత్తులు కుదేలవుతున్నాయి. కంపెనీ పరుపులు వచ్చి దూదేకేవారి గిరాకీని తీసుకుపోయాయి. రెడీమేడ్ దుస్తులు వచ్చి దర్జీ మిషను చప్పుడును తగ్గించాయి. ఆటో నడిపేవాడికి కిస్తీ కట్టడమే గగనం అవుతోంది. భర్త సంపాదన కంటే భార్య జీతం ఎక్కువగా ఉన్న ఇళ్లు మన మధ్య ఉన్నాయి. మన పెద్దలు ఊహించని స్థితి ఇది. దీన్ని ఎలా ఎదుర్కోవాలో ఎవరూ ఆ కుర్రవాడికి నేర్పలేదు.

గడియారం చెప్పే సాక్ష్యం

ఇంటిపని ఎవరు ఎంతసేపు చేస్తున్నారో కేంద్ర గణాంక శాఖవారు గడియారం పెట్టి లెక్కించారు. 2024 సంవత్సరపు ఆ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీ రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. అది కూడా ఇంటిపనిలో చేయి పెట్టే పురుషుల సగటు మాత్రమే. అసలు చేయి పెట్టనివారు ఆ లెక్కలోకే రారు. ఇంట్లోని పిల్లలను, ముసలివారిని, రోగులను చూసుకునే పనిలో 15 నుండి 59 ఏళ్ల స్త్రీలు 41 శాతం మంది పాల్గొంటుంటే అదే వయసు పురుషులు 21.4 శాతం మంది మాత్రమే పాల్గొంటున్నారు.

ఇది దేశంలోని అన్ని మతాలవారిని కలిపి తీసిన లెక్క. మనం ఇందులో వేరుగా, మెరుగ్గా ఉన్నామని గుండెల మీద చేయి వేసుకుని చెప్పగలమా? చెప్పగలిగి ఉండాల్సింది. ఎందుకంటే మన ముందు ఒక ఆదర్శమూర్తి ఇల్లు ఉంది.

దైవప్రవక్త (స) ఇంట్లో ఎలా ఉండేవారు?

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని ఒక శిష్యుడు హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగాడు. ఆయన తన ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారని ఆమె చెప్పారు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు. ఆయన తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, బట్టలకు అతుకులు వేసుకునేవారని ఇతర ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఆ ఇంటి యజమాని ఎవరో గుర్తు చేసుకోండి. మదీనా రాజ్యానికి అధినేత ఆయన. వహీ అవతరించే ప్రవక్త ఆయన. ఆయనకు తీరిక దొరికింది. మనకు దొరకడం లేదు!

పిల్లల విషయానికి వస్తే ఆయన ఆచరణ మరింత స్పష్టంగా ఉంది. మనుమరాలు ఉమామాను భుజాన ఎత్తుకుని ఆయన నమాజు చేయించారు. సజ్దాకు వెళ్లేటప్పుడు దించేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. ఆడపిల్లలు పుడితే ముఖం నల్లబడే సమాజంలో, అందరూ చూస్తుండగా, మస్జిదులో ఈ పని చేశారు. వెనుక వరుసలో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు కలత చెందుతుందని నమాజును తేలికగా ముగించేవారు. నేడు మన మస్జిదులలో పిల్లవాడు కొంచెం అలికిడి చేస్తే నలుగురు కళ్లెర్రజేస్తారు. ఆ తండ్రి మరుసటి జుమాకు బిడ్డను తీసుకురావడం మానేస్తాడు.

మనుమడు హసన్ (రజి)ను ఆయన ముద్దాడుతుండగా అఖ్రా బిన్ హాబిస్ అనే తెగ నాయకుడు చూశాడు. తనకు పదిమంది పిల్లలున్నారని, ఒక్కరినీ ఎన్నడూ ముద్దు పెట్టుకోలేదని అన్నాడు. అతని దృష్టిలో అది మగతనం. కరుణ చూపనివాడు కరుణకు నోచుకోడని దైవప్రవక్త (స) అతణ్ణి హెచ్చరించారు. ఆ అఖ్రా ఆలోచన అతనితోనే పోలేదు. మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. అబ్బా ఇంట్లోకి వస్తున్నాడంటే పిల్లలు నవ్వు ఆపేసి గోడకు ఆనుకుని నిలబడే ఇళ్లు ఎన్ని లేవు? ఆ భయాన్నే మనం అదబ్ అని పొరబడుతున్నాము.

'ఖవ్వామ్' అంటే కుర్చీ కాదు

దివ్య ఖుర్ఆన్ పురుషుణ్ణి 'ఖవ్వామ్' అన్నది కదా, అతడు ఇంటి పెద్ద కదా, అంట్లు కడగడమేమిటి అని కొందరు అడుగుతారు. ఆ పదం అర్థాన్ని కాస్త పరిశీలించండి. 'ఖియామ్' అంటే నిలబడటం. ఖవ్వామ్ అంటే ఒక బాధ్యత కోసం గట్టిగా నిలబడినవాడు. కూర్చుని హుకుములు జారీ చేసేవాడు అనే అర్థం ఆ మాటలో లేదు. అదే ఆయత్‌లో పురుషుడు తన ధనాన్ని కుటుంబం మీద ఖర్చు చేయడాన్ని అల్లాహ్ ప్రస్తావించాడు. అంటే అది భారం మోసేవాడి పేరు.

ఇంటిపని గురించి మన ఫఖీహులు ఏమన్నారో కూడా సామాన్యులకు తెలియాలి. షాఫయీ, హంబలీ పండితులలో అత్యధికులు వంట, ఊడ్పు వంటివి నికాహ్ ఒప్పందంలో భార్య మీద మోపిన విధులు కావన్నారు. హనఫీ పండితులు నైతికంగా ఆమె బాధ్యతే అంటూనే, కాజీ ఆమె చేత బలవంతంగా చేయించలేడన్నారు. అంటే మన తల్లులు, భార్యలు ఇన్నాళ్లుగా చేస్తున్నది చాలావరకు వారి ఔదార్యం. ఔదార్యానికి బదులుగా కృతజ్ఞత చూపాలి గాని, ఉప్పు ఎక్కువైందని పళ్లెం నెట్టివేయరాదు.

మరో ఆయత్‌ను మన సోదరులు శ్రద్ధగా చదవాలి. బఖరా సూరాలో విడాకుల చర్చ నడుస్తున్న చోట పాలు తాగే బిడ్డ ప్రస్తావన వస్తుంది. రెండేళ్ల లోపు పాలు మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, మష్వరాతో నిర్ణయించుకోవాలని అక్కడ ఉంది. పాలు మాన్పించడం కంటే ఆడవాళ్ల వ్యవహారం అని మనం అనుకునేది మరొకటి ఉందా? అందులో కూడా తండ్రి వచ్చి కూర్చుని మాట్లాడాలంటోంది ఖుర్ఆన్. విడిపోయే దంపతులకే ఆ ఆజ్ఞ ఉంటే, ఒకే కప్పు కింద ఉండే దంపతుల మాట వేరే చెప్పాలా? కాని మన ఇళ్లలో పిల్లవాడికి ఏ టీకా వేయించారో తండ్రికి తెలియదు. ఏ తరగతిలో ఏ సెక్షనులో ఉన్నాడో తెలియదు. ఫీజు ఎంతో మాత్రం తెలుసు.

ఆమె జీతం ఎవరిది?

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. భార్య ఉద్యోగం చేస్తే చాలు, ఆమె ఏటీఎం కార్డు భర్త జేబులోకో అత్తగారి బీరువాలోకో వెళ్లిపోయే ఇళ్లు ఉన్నాయి. ఆమె తన తల్లికి చీర కొనాలన్నా చేయి చాచి అడగాలి. పురుషులకు తమ సంపాదనలో భాగం ఉన్నట్లే స్త్రీలకు తమ సంపాదనలో భాగం ఉందని నిసా సూరా చెబుతోంది. భార్య ఎంత సంపన్నురాలైనా ఆమె నఫఖా, పిల్లల పోషణ తండ్రి మీదే ఉంటాయి. ఆమె జీతం ఆమెది. ఆమె ఇష్టపడి ఇంటికోసం ఖర్చు పెడితే అది ఆమె చేసే ఉపకారం.

ఈ సందర్భంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఇంటి సంగతి గుర్తుకు తెచ్చుకోవాలి. ఆయన సతీమణి జైనబ్ (రజి) భర్త మీద, తన పోషణలో ఉన్న అనాథ పిల్లల మీద ఖర్చు పెట్టేవారు. ఆమె చేతిపనితో సంపాదించేవారని కొన్ని ఉల్లేఖనాలలో ఉంది. తాను ఇలా ఖర్చు పెట్టడం సదఖా అవుతుందా అని ఆమె దైవప్రవక్త (స) వద్ద విచారించారు. ఆమెకు రెండు పుణ్యాలు లభిస్తాయని, ఒకటి బంధుత్వాన్ని నిలిపినందుకు, రెండవది దానం చేసినందుకు అని ఆయన సెలవిచ్చారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఆమె ఇచ్చింది దానంగా లెక్కకు వచ్చింది కనుక ఆ డబ్బు ఆమెదే. రెండవది, భార్య సంపాదన ఇంటికి ఆధారమైనంత మాత్రాన భర్త హోదా ఇసుమంతైనా తగ్గలేదు. ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఎవరు? ఖుర్ఆన్ పఠనంలో మేటి సహాబీ. కూఫాలో ఆయన పాఠాలు చెప్పారు. ఆయన శిష్యుల పరంపరలోనే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) విద్య నేర్చారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్ మూలం, భార్య చేయూతతో నడిచిన ఆ ఇంట్లో ఉంది. పని పోగొట్టుకుని, భార్య జీతంతో ఇల్లు నడుస్తోందని నలుగురిలో తలెత్తుకోలేకపోతున్న యువకులు ఈ సంగతి తెలుసుకోవాలి. సంపాదించే ప్రయత్నం మానరాదు, నిజమే. కాని చేతిలో డబ్బు లేని రోజున కూడా తండ్రి తండ్రే. అతడు బిడ్డను బడికి దింపగలడు, అన్నం తినిపించగలడు, సబక్ అప్పజెప్పించుకోగలడు. ఆ గౌరవాన్ని ఏ నిరుద్యోగమూ లాక్కోలేదు.

మన సోదరీమణులకు కూడా ఒక విన్నపం. జీతం తెచ్చే చేయి మాటలో వాడి తేకూడదు. భర్త సంపాదన తగ్గిన వేళ పిల్లల ముందు అతణ్ణి చిన్నబుచ్చితే, పిల్లల దృష్టిలో తండ్రి స్థానం పోతుంది. దాన్ని తిరిగి తెచ్చే శక్తి ఏ జీతానికీ లేదు.

కల చెప్పుకోవడానికి ఒక తండ్రి

ఖుర్ఆన్‌లో తండ్రులు ఏం చేస్తూ కనిపిస్తారో ఎప్పుడైనా గమనించారా? వారు ఎక్కువగా బిడ్డలతో మాట్లాడుతూ కనిపిస్తారు. హజ్రత్ లుఖ్మాన్ కుమారుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని తౌహీద్ నుండి నడక తీరు, గొంతు స్థాయి వరకు ఓపికగా బోధిస్తారు. ఆ తండ్రి పేరుతో ఒక సూరాయే ఉంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) అంత పెద్ద దైవాజ్ఞ వచ్చినా కుమారుడి అభిప్రాయం అడుగుతారు. చిన్నవాడైన యూసుఫ్ (అలై) తనకు వచ్చిన కలను తండ్రి యాఖూబ్ (అలై)కు చెప్పుకుంటాడు. ఆ తండ్రి దాన్ని కొట్టిపారేయలేదు. శ్రద్ధగా విని, జాగ్రత్త చెప్పారు.

మద్యన్‌లో ఒక వృద్ధ తండ్రి ఉన్నారు. ఆయనకు చేతకాకపోవడంతో ఇద్దరు కుమార్తెలు మందను మేపేవారు. బావి దగ్గర మగవాళ్ల గుంపు చూసి వారు వెనుక నిలబడితే, హజ్రత్ మూసా (అలై) ఎవరూ అడగకుండానే వారి మందకు నీళ్లు తోడి పెట్టారు. ఆ తరువాత ఇతణ్ణి పనిలో పెట్టుకోమని కుమార్తె సలహా ఇస్తే తండ్రి విన్నారు. ఆడపిల్ల బయట పనిచేయడం, పురుషుడు ఆమె పని అందుకోవడం, తండ్రి కూతురి మాటకు విలువ ఇవ్వడం, మూడూ ఒకే చోట మనకు కనిపిస్తాయి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన పిల్లవాడికి కల వస్తే, భయం వేస్తే, బడిలో ఎవరైనా వేధిస్తే ముందుగా ఎవరికి చెబుతాడు? అమ్మకు చెబుతాడు. అమ్మకు తీరిక లేకపోతే స్నేహితుడికి చెబుతాడు. స్నేహితుడూ లేకపోతే చేతిలోని సెల్‌ఫోను ఉంది. అది ఏ దారికి తీసుకుపోతుందో చెప్పలేము. అబ్బాకు చెప్పాలన్న ఆలోచన వాడికి రాకపోతే ఆ లోటు ఎవరిది? పిల్లలకు పాఠాలు చెప్పే వృత్తిలో జీవితం గడిపిన మాకు కనిపించినది ఒకటే. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే పది మంది తల్లులకు ఒకరిద్దరు తండ్రులు వస్తారు. వచ్చిన తండ్రి కూడా మార్కులు అడిగి గడియారం చూసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడులలో ఒకే రోజు తల్లిదండ్రుల మెగా సమావేశం జరిపింది. అలాంటి రోజు ఒక పూట పని మానుకుని వెళ్లడం కూడా తండ్రి ధర్మమే.

దూరాన ఉన్న తండ్రుల మాట వేరుగా చెప్పాలి. జగిత్యాల, నిజామాబాదు, కడప, రాయచోటి, హైదరాబాదు పాతబస్తీ నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన సోదరులు వేలల్లో ఉన్నారు. ఎండలో ఒళ్లు కాల్చుకుని పంపే ఆ సొమ్ముతోనే ఇక్కడ పిల్లల చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరుగుతున్నాయి. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా ఒక మాట. ఏ రెండేళ్లకో ఛుట్టీ మీద వచ్చిన అబ్బాను చూసి బిడ్డ తల్లి కొంగు చాటుకు వెళ్లే పరిస్థితి రాకూడదు. ఫోనులో డబ్బు అందిందా అని భార్యతో మాట్లాడి పెట్టేయకుండా, రోజూ ఒక వేళ పెట్టుకుని బిడ్డతో పది నిమిషాలు మాట్లాడండి. నేర్చుకున్న సూరా చదివించుకోండి. బడిలో ఏం జరిగిందో చెప్పనివ్వండి. అక్కడి గదిలో ఎవరి వంట వారు చేసుకుంటారు, ఎవరి బట్టలు వారు ఉతుక్కుంటారు. దుబాయిలో చేసిన పని ఇంటికి రాగానే అవమానం ఎలా అవుతుంది?

వినిపించే అభ్యంతరాలు

భార్యకు సాయం చేసే భర్తను 'జోరూ కా గులామ్' అని ఎగతాళి చేయడం మనలో అలవాటు. ఈ మాట ఎక్కువగా అనేది స్నేహితులు, ఆ తరువాత స్వంత తల్లి, అక్కచెల్లెళ్లు. ఆకలితో ఉన్న పిల్లల కోసం హజ్రత్ ఉమర్ (రజి) పిండి బస్తా తన వీపున మోసి, స్వయంగా పొయ్యి ఊది వండిపెట్టిన ఉదంతం మనం ప్రతి బయాన్‌లో వింటాము, కన్నీళ్లు పెట్టుకుంటాము. ఖలీఫా పొయ్యి ఊదితే అది ఘనత, మనవాడు బియ్యం కడిగితే నగుబాటా? అత్తగార్లు కూడా ఆలోచించాలి. మా అబ్బాయి చేత కప్పులు కడిగిస్తావా అని కోడలి మీద విరుచుకుపడే తల్లి, అల్లుడు తన కూతురికి సాయం చేస్తుంటే మాత్రం ఎంత మంచివాడని మురిసిపోతుంది.

స్త్రీ ఉద్యోగాలకు వెళ్లడం వల్లనే ఈ చిక్కులన్నీ అనేది మరో వాదన. ఆమె ఉద్యోగం చేయాలా వద్దా అనేది ఆ కుటుంబం కూర్చుని మష్వరా చేసుకోవలసిన విషయం. ఇంట్లోనే ఉండి పిల్లలను తీర్చిదిద్దే తల్లి విలువ ఏమాత్రం తక్కువ కాదు. కాని తండ్రి బాధ్యత భార్య ఉద్యోగం మీద ఆధారపడి లేదు. ఆమె ఇల్లు దాటని గృహిణి అయినా సరే, బిడ్డలకు తండ్రి సాంగత్యం హక్కుగా రావలసిందే. దైవప్రవక్త (స) ఇంటివారికి సేవ చేసింది వారు ఉద్యోగాలకు వెళ్లినందుకు కాదు కదా!

చట్టం కూడా కదలాలి

వ్యక్తులు మారితే చాలదు. నియమాలూ అనుకూలించాలి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి తల్లికి సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచారు. అది మంచి పని. తండ్రి మాటేమిటి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఉద్యోగులకు 2005లో అంతే సెలవు ఇచ్చారు. ప్రైవేటు సంస్థలలో పనిచేసే తండ్రికి మాత్రం ఇలాంటి సెలవు తప్పనిసరిగా ఇవ్వాలనే చట్టం మన దేశంలో లేదు. 2017లో లోక్‌సభలో ఒక సభ్యుడు ఇందుకోసం ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. మనవాళ్లు పనికి వెళ్లే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2020 నుండి ప్రైవేటు ఉద్యోగికి కూడా బిడ్డ పుడితే 5 రోజుల సెలవు ఉంది. మలేషియాలో 2023 జనవరి నుండి తండ్రికి 7 రోజుల సెలవు ఇస్తున్నారు. మన దుకాణాల్లో, మన ఫ్యాక్టరీల్లో, మన విద్యాసంస్థల్లో పనిచేసేవారికి చట్టం వచ్చేదాకా ఆగకుండా మనమే ఒక వారం జీతంతో సెలవు ఇవ్వవచ్చు. ముస్లిం యజమానులు ఇందులో ముందు నడిస్తే ఎంత బాగుంటుంది!

ఏం చేయాలి?

మేము పెద్ద పెద్ద మాటలు చెప్పదలచుకోలేదు. ఈ జుమా నుండే మొదలు పెట్టగల చిన్న పనులు కొన్ని ఉన్నాయి. తండ్రి రోజుకు ఒక్క పూట అయినా పిల్లలతో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినాలి, ఆ సమయంలో ఫోను పక్కన పెట్టాలి. ఇంటిపనుల్లో ఏదో ఒకటి పూర్తిగా తన మీద వేసుకోవాలి. సాయం చేస్తున్నాననే భావనతో కాకుండా తన పనిగా చేయాలి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పని సమానంగా పంచాలి. తిన్న పళ్లెం తానే కడుక్కునే అలవాటు మగపిల్లవాడికి ఏడేళ్ల నుండే చేస్తే, రేపు ఒక కోడలు మనకు దుఆ చేస్తుంది. భార్య జీతం మీద పెత్తనం వదలాలి. ఇంటి ఖర్చును ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి.

మస్జిదు కమిటీలకు, ఇమాములకు కూడా మా విన్నపం. భార్య విధుల మీద ఎన్నో ఖుత్బాలు విన్నాము. తండ్రి విధుల మీద ఏడాదికి రెండు ఖుత్బాలు ఇవ్వండి. నికాహ్ చదివించే రోజున వరుడికి నాలుగు మాటలు చెప్పండి. మస్జిదుకు వచ్చిన పిల్లలను వెనుక వరుసల నుండి తరిమేయకుండా తండ్రి పక్కన నిలబడనివ్వండి.

సంతానం మన ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి జవాబు చెప్పుకోవలసిందేనని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ రోజున ఎంత సంపాదించి పెట్టావన్న ప్రశ్నతో పాటు, ఈ పిల్లలను ఎలా పెంచావన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది. అల్లాహ్ మన తండ్రులకు తమ ఇళ్లలో కరుణామూర్తులుగా నిలిచే భాగ్యాన్ని, మన పిల్లలకు భయం లేకుండా తండ్రి దగ్గరకు వెళ్లి మనసు విప్పే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.